ఏం గీశావమ్మా అని అడిగావుగా

చిన్నీ,

మొన్న ఫోన్లో "ఇంతకీ అక్కడ ఏం గీశావమ్మా" అని అడిగావు, నేనేమో "గీస్తున్నాలే" అని మాట దాటేశా. నువ్వు ఊరికే అడగలేదని నాకు తెలుసు. ఆఫీసులో లీవ్ పెట్టి నువ్వు కూడా నేనున్నలాంటి ఆర్టిస్ట్ రెసిడెన్సీకి, అదే, ఆర్టిస్టులు కొన్నాళ్ళు ఉండి పనిచేసుకునే చోటికి, అప్లై చేద్దామనుకుంటున్నావంట, మీ నాన్న చెప్పేశారు, ఆయన నోట్లో నువ్వుగింజ నానదుగా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. వాయిస్ మెసేజ్ పెడదామని చూశా కానీ కిటికీ మూసినా సరే వెనక గాలి హోరే తప్ప నా గొంతు వినపడట్లేదు.

ఊరి పేరు స్కాగాస్ట్రోండ్. ఐస్‌లాండ్‌లో ఉత్తరాన హూనాఫ్లోయి అనే అఖాతం ఒడ్డున ఉంటుంది, ఆర్కిటిక్ వలయానికి కొంచెం కిందగా. రాజధాని రేక్యవిక్ నుంచి దగ్గర దగ్గర 260 కిలోమీటర్లు. జనం ఐదొందల మంది కూడా ఉండరు. ఒక హార్బరు, ఒక చర్చి, ఒక బడి, ఒక సరుకుల కొట్టు, అంతే, ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే నేను నడిచే నడకకే పావుగంట పడుతుంది, గాలి ఎదురైతే మాత్రం లెక్క మారిపోతుంది. చెట్లు ఇళ్ల పెరట్లో అక్కడక్కడా భయం భయంగా ఉంటాయి తప్ప ఊరి బయట గడ్డి, రాయి, మంచు, సముద్రం, వాటి మీద గాలి, దాన్ని ఆపేది ఏదీ లేదు.

నువ్వు చలి చలి అని బెంగపెట్టుకుంటున్నావు కానీ అసలు సంగతి చలి కాదే. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి నీళ్ల ప్రవాహం ఈ దేశం చుట్టూ తిరుగుతుంది కాబట్టి శీతాకాలంలో కూడా ఒడ్డున టెంపరేచర్ సున్నాకి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది, ఇదే అక్షాంశం మీద ఉన్న సైబీరియాలో అయితే మైనస్ నలభైలు చూస్తారు. ఇక్కడ చంపేది గాలి. థర్మామీటర్‌లో సున్నా ఉన్నా సెకనుకి పదిహేను మీటర్ల గాలి కొట్టిందంటే ఒంటికి మైనస్ ఎనిమిదిలా ఉంటుంది. ఇక్కడ అందరూ గాలిని సెకనుకి ఇన్ని మీటర్లు అనే చెప్తారు, మన కిలోమీటర్ల లెక్కకి రావాలంటే మూడు పాయింట్ ఆరుతో గుణించుకోవాలి, వచ్చిన కొత్తలో ఫోన్లో ఇరవై అని చూసి ఓస్ ఇంతేనా అనుకున్నా, గుణిస్తే గంటకి డెబ్బై రెండు కిలోమీటర్లు! వాతావరణ శాఖ వాళ్ళు పసుపు, ఆరెంజ్, ఎరుపు అని మూడు రంగుల్లో హెచ్చరికలు పెడతారు, పొద్దున లేవగానే కాఫీ కన్నా ముందు అందరం అదే చూస్తాం. పసుపు వస్తే ఎవరూ పట్టించుకోరు. ఆరెంజ్ వస్తే ఊరికి ఊరే గుమ్మం బయట ఉన్న చెత్తడబ్బాలు, కుర్చీలు లోపల పెట్టేసుకుంటుంది. కొండ మీద రోడ్డు మూసేస్తే రేక్యవిక్ నుంచి సరుకుల లారీ రాదు, అప్పుడు కొట్లో కూరగాయల వైపు వెళ్తే ఉల్లిపాయలు, ముఖం వాడిపోయిన క్యాబేజీ కనపడతాయి.

గొడుగు తెచ్చుకున్నాను కదా, అది పెట్టెలోనే ఉంది, ఊళ్ళో ఎవరి చేతిలోనూ గొడుగు చూడలేదు నేను. కారు తలుపు తీయాలంటే రెండు చేతులతో పట్టుకుని తీయాలి, లేకపోతే గాలి దాన్ని వెనక్కి విరిచేస్తుంది, అద్దెకార్ల వాళ్ళ ఇన్సూరెన్స్ మామూలుగా దీనికి వర్తించదు కూడా. కారు ఆపేటప్పుడే ముక్కు గాలి వైపు పెట్టి ఆపమని నాకు మొదటి రోజే పాఠం చెప్పారు. రోడ్డు మీద మంచు పగలు కాస్త కరిగి రాత్రికి గాజులా గడ్డకడుతుంది, అందుకని బూట్ల కింద ముళ్ళున్న రబ్బరు పట్టీలు తగిలించుకుని నడుస్తున్నా. ఇక్కడి ముసలమ్మలు అవి వేసుకుని టకటకా పోతుంటారు, నేను వాళ్ళ వెనక పెంగ్విన్‌లా.

ఇప్పుడు స్టూడియో సంగతి. అది ఒకప్పటి చేపల ఫ్యాక్టరీ. ఈ ఊరు బతికిందే చేపల మీద, 1984లో చేపలు పట్టడానికి కోటా పద్ధతి వచ్చింది, ఏ పడవ ఎంత పట్టాలో లెక్క, తర్వాత ఆ కోటాలు కొనుక్కోవడం అమ్ముకోవడం మొదలయ్యాక అవి పెద్ద కంపెనీల చేతికి పోయాయి, చిన్న చిన్న ఊళ్ళలో ఇలాంటి షెడ్లు చాలా ఖాళీ పడ్డాయి. ఇక్కడ 2008లో అలాంటి షెడ్డులోనే నెస్ అని ఈ రెసిడెన్సీ పెట్టారు. సిమెంటు నేల, ఎత్తైన కప్పు, మధ్యలో తెల్ల చెక్క గోడలు పెట్టి తలా ఒక మూల. చేప వాసన లేదులే, నువ్వు అడుగుతావని తెలుసు. నాకు నచ్చిందేంటంటే ఇది ఆర్ట్ గ్యాలరీలా ఉండదు, పనిచేసే చోటులా ఉంటుంది, రంగు కింద పడితే అయ్యో అనక్కర్లేదు. మా కిటికీలోంచి హార్బరు కనపడుతుంది, గాజు మీద మాత్రం ఎప్పుడూ ఉప్పు పొర, సముద్రపు తుంపర ఎండి అలా పేరుకుంటుంది, పొద్దున్నే వెళ్ళి గోరువెచ్చని నీళ్ళతో తుడుస్తా, సాయంత్రానికి మళ్ళీ మామూలే.

ఉండేది వేరే ఇంట్లో, నలుగురం ఒక వంటిల్లు పంచుకుంటున్నాం. నీకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇది, ఎందుకంటే వెబ్‌సైట్ ఫోటోల్లో వంటిల్లు చూపించరు. రెసిడెన్సీ అంటే సగం ఆర్టు, సగం ఫ్రిజ్‌లో ఎవరి అర ఏది అన్న గొడవ. నా పెరుగు ఎవరో తినేశారు, తిన్నది ఎవరో నాకు తెలుసు, ఆవిడకీ నాకు తెలుసని తెలుసు, ఇద్దరం నవ్వుకుంటూ గుడ్ మార్నింగ్ చెప్పుకుంటాం. ఒకమ్మాయి మగ్గం మీద నేస్తుంది, ఒకావిడ నవల రాస్తోంది, ఆవిడ రాత్రి రెండింటికి టీ పెట్టుకుంటుంది, కెటిల్ మోతకి నాకు మెలకువ వస్తుంది. ఇంకో అబ్బాయి సౌండ్ ఆర్టిస్ట్. నీ వయసే ఉంటుంది. వాడు ఏం చేస్తాడు రోజంతా అని మొదట్లో నాకు అర్థం కాలేదు, నోట్‌బుక్ ఉండదు, కంప్యూటర్ ముందు కూర్చోడు, గాలి ఎక్కువైన రోజే బయటికి పోతాడు, అందరూ లోపలికి వస్తుంటే వాడు ఎదురు వెళ్తుంటాడు.

ఒకరోజు నన్నూ రమ్మన్నాడు. ఊరి బయట గుర్రాల కోసం వేసిన కంచె ఉంది, ఇనుప తీగలు, వాటికి చిన్న నాణెమంత మైకు క్లిప్పుతో తగిలించి హెడ్‌ఫోన్స్ నా చెవులకి పెట్టాడు. చెవుల బయట గాలి హోరు, లోపలేమో తంబురా శ్రుతి పెట్టినట్టు ఒకటే నాదం, నిండుగా, కింద నుంచి మెల్లగా పైకి పోతూ, గాలి విసురు పెరిగితే శ్రుతి పెరుగుతుంది, తగ్గితే దిగుతుంది. గాలి తీగని దాటేటప్పుడు వెనక చిన్న చిన్న సుడులు ఒకసారి పైనుంచి ఒకసారి కిందనుంచి విడివడతాయంట, వాటి వల్లే తీగ వణుకుతుంది, వేగం పెరిగే కొద్దీ ఆ వణుకు తొందరవుతుంది. రెండు గుర్రాలు గాలికి వెనకవైపు పెట్టి తలలు దించుకుని కదలకుండా నిలబడి ఉన్నాయి, పొట్టిగా, ఒళ్ళంతా జడలు కట్టిన బొచ్చుతో, మమ్మల్ని చూసి వీళ్ళకి పనేం లేదా అన్నట్టు. నా వేళ్ళు మొద్దుబారిపోయేదాకా హెడ్‌ఫోన్స్ తియ్యలేదు నేను. ఆరోజు నుంచి వాడు ఏం చేస్తాడు అని మనసులో కూడా అనుకోలేదు.

ఇక నా పని. అప్లికేషన్‌లో నేను రాసింది నువ్వే కదా టైప్ చేసి పెట్టావు, "ఉత్తర సముద్ర తీరపు దృశ్యాలు, పెద్ద సైజు నీటిరంగుల సిరీస్" అని ఎంత దర్జాగా ఉందో. ఇక్కడికి వచ్చాక పెద్ద సైజు కాగితం బయటికి తీసుకెళ్ళడం అంటే తెరచాప కట్టుకుని వెళ్ళడమే. స్టూడియోలో ఫోటో చూసి గీయొచ్చు, గీస్తున్నవాళ్ళూ ఉన్నారు, కానీ ఫోటో చూసి గీసేదానికి ఇంత దూరం ఎందుకు, ఇంట్లోనే గీసేదాన్ని. అందుకని చేతిలో పట్టేంత చిన్న కాగితాలు కోసుకుని, జేబులో పెట్టుకుని, గాలి లేని మూల ఎక్కడుందో వెతుక్కోవడం మొదలెట్టా. ఊరి పక్కనే సముద్రంలోకి చొచ్చుకుపోయిన చిన్న గుట్ట ఒకటి ఉంది, నల్లరాతి గుట్ట, చుట్టూ నడిచే దారి ఉంటుంది. గాలి ఉత్తరం నుంచి వస్తే దానికి దక్షిణం వైపు, తూర్పు నుంచి వస్తే పడమర వైపు, అలా రోజూ గుట్ట చుట్టూ తిరిగి ఎక్కడ నిలబడనిస్తే అక్కడే గీస్తా. ఏం గీయాలన్నది నేను తేల్చుకోవట్లేదు, గాలి తేలుస్తోంది, నాకు ఎదురుగా ఏది పడితే అదే బొమ్మ. చెప్తే నవ్వుతావు కానీ ఇన్నేళ్ళలో ఇంత హాయిగా ఎప్పుడూ గీయలేదు. ఏది అందంగా ఉంది, ఏది అమ్ముడుపోతుంది, ఏది ఫ్రేమ్‌లో బావుంటుంది అని వెతుక్కునే బాధే లేదు.

ఒకరోజు గాలి పూర్తిగా పడిపోయింది, మైనస్ ఆరో ఏడో, బండరాయి మీద కూర్చుని కాగితం మీద నీలం కలిపి ఒక పూత వేశా. అది నా కళ్ళ ముందే గడ్డకట్టడం మొదలెట్టింది. ముందు అంచు దగ్గర సూదిలాంటి గీత ఒకటి వచ్చింది, దాని పక్కనుంచి ఇంకోటి, వాటికి మళ్ళీ కొమ్మలు, నిమిషం లోపల కాగితమంతా ఫెర్న్ ఆకులు పరుచుకున్నట్టు అయిపోయింది, రంగంతా ఆ ఈనెల మధ్యకి జరిగిపోయి. బ్రష్ తగిలిస్తే ఇసకలా గరగరలాడింది. సంబరపడి స్టూడియోకి తీసుకొచ్చి హీటర్ పక్కన టేబుల్ మీద పెట్టా, ఐదు నిమిషాల్లో కరిగి అంతా ఒకటే నీలం మడుగు. తర్వాత నేత అమ్మాయి చెప్పింది, లోపలికి తేకుండా బయటే నీడలో రాళ్ళు పెట్టి వదిలెయ్, ఐసు కరగకుండానే ఆవిరైపోతుంది, ఆకులు అలాగే ఉండిపోతాయి అని. గాలి తగలని గోడ మూల ఒకటి చూసుకుని అలాగే చేస్తున్నా. కొన్ని దక్కుతున్నాయి, కొన్ని ఎగిరిపోయి సముద్రంలో పడుతున్నాయి. గడ్డకట్టకుండా గీయాలంటే నీళ్ళలో వోడ్కా కలుపుకోమంటారు, చాలామంది ఆర్టిస్టులు అదే చేస్తారంట, కానీ ఇక్కడ అలాంటివి గవర్నమెంటు షాపులోనే అమ్ముతారు, రేటు చూస్తే బ్రష్‌కి తాగించడానికి మనసొప్పలేదు.

వెలుతురు గురించి చెప్పకపోతే ఏమీ చెప్పనట్టే. డిసెంబరు చివర్లో ఇక్కడ సూర్యుడు మూడు గంటలే ఉంటాడంట, ఇప్పుడు ఫిబ్రవరి కాబట్టి రోజుకి ఏడు నిమిషాలకి తక్కువ కాకుండా పగలు పెరుగుతోంది, వారం తిరిగేసరికి ముప్పావుగంట పైనే, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కంటికి తెలిసిపోతుంది. ఈ దేశం 1968 నుంచి ఏడాది పొడుగునా గ్రీన్‌విచ్ టైమే పెట్టుకుంది, నిజానికి ఇది ఇంకా బాగా పడమరన ఉంది కాబట్టి సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒంటిగంటన్నర దాటాక. నడినెత్తి అన్నానే కానీ నెత్తి మీదికి ఎక్కడొస్తాడు, కొండకి జానెడు పైన అలా దొర్లుకుంటూ పోతాడు, మిట్టమధ్యాహ్నం నా నీడ నాకు ఆరింతలు! మంచు మీద ఆ నీడ నల్లగా ఉండదే, నీలంగా ఉంటుంది, పక్కన ఎండ పడ్డ మంచేమో పలచటి గులాబీ. ఇన్నేళ్ళు నీడ అంటే గోధుమరంగులో నలుపు కలిపిన చేయి నాది, ఇప్పుడు నల్లరంగు ట్యూబు మూత తీసి ఎన్నాళ్ళయిందో. పొద్దు వాలాక కూడా గంటకి పైగా చీకటి పడదు, ఆకాశం అలా నీలంలోనే ఆగిపోతుంది, ఆ టైంలో రోడ్డు మీద నడిచేవాళ్ళందరూ ఆర్టిస్టులే, ఊరివాళ్ళు ఇళ్ళలో టీవీ చూస్తుంటారు.

ఊరి వెనక కొండ పేరు స్పాకోనుఫెల్, జోస్యం చెప్పే ఆవిడ కొండ అన్నమాట. పదో శతాబ్దంలో ఇక్కడ థోర్దిస్ అనే ఆవిడ ఉండేదట, ఈ ఊళ్ళో పేరు తెలిసిన మొదటి మనిషి ఆవిడే అని చెప్తారు. మంచి తెలివైంది, గయ్యాళి, కోర్టు తగాదాలు కూడా తీర్చేదంట. కొండ మీద ఎక్కడో ఆవిడ పెట్టె నిండా నిధి దాచిందని కథ. ఊళ్ళో ఆవిడ పేరు మీద చిన్న మ్యూజియం ఉంది, అక్కడ చేయి చూసి జాతకం కూడా చెప్తారు. నేను చూపించుకోలేదులే, మన జాతకం మనకి తెలియనిదా. ఐస్‌లాండ్ జానపద కథలన్నీ పోగుచేసిన యోన్ ఆర్నసన్ అనే ఆయన కూడా ఈ చుట్టుపక్కల హోఫ్ అనే చోటే 1819లో పుట్టాడు. ఇంత గాలిలో సాయంత్రాలు ఇంట్లో కూర్చుని కథలు చెప్పుకోక ఏం చేస్తారు మరి.

ఇంకోటి, స్విమ్మింగ్ పూల్. నవ్వకు. ఈ దేశంలో ఇంత చిన్న ఊరికి కూడా ఒక పూల్, పక్కన వేడినీళ్ళ తొట్టి ఉంటాయి, సాయంత్రం ఊరంతా ఆ తొట్టి దగ్గరే పోగవుతుంది, మెడ దాకా వేడినీళ్ళు, తల మీద మంచు పడుతూ ఉంటుంది. దిగేముందు అందరి ముందూ బట్టల్లేకుండా సబ్బుతో స్నానం చెయ్యాలి, అది రూలు, గోడ మీద బొమ్మ వేసి మరీ చూపిస్తారు ఎక్కడెక్కడ రుద్దుకోవాలో. నేను సిగ్గుతో చచ్చిపోయి మొదట వెళ్ళనే లేదు. తర్వాత నవల రాసే ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది, అక్కడ నీకేసి చూసేవాళ్ళెవరూ ఉండరమ్మా, ఎవరి సబ్బు వాళ్ళది. ఆ తొట్టిలోనే నాకు ఊరు పరిచయమైంది, పడవ నడిపే ఆయన, బడి టీచరు, చర్చిలో ఆర్గాన్ వాయించే ఆవిడ, అందరూ ఒక్కటే అడుగుతారు, మీకు ఇంత గాలి ఎలా ఉంది అని, అలవాటైంది అంటే గర్వంగా తల ఊపుతారు, అదేదో వాళ్ళు పెంచుకున్న గాలి అయినట్టు.

నువ్వు అప్లై చేసే విషయానికొస్తే, చెయ్యి. కానీ కొన్ని చూసుకుని చెయ్యి. ఇలాంటి చోట్లు చాలావాటిలో వాళ్ళు మనకి డబ్బులివ్వరు, నెలకింతని మనమే కట్టాలి, స్కాలర్‌షిప్ ఇచ్చేవి వేరే ఉంటాయి, వాటికి పోటీ ఎక్కువ, ముందు ఆ లెక్క తేల్చుకో, ఎందుకంటే ఈ దేశంలో తిండికి, ప్రయాణానికి అయ్యే ఖర్చు అద్దె కన్నా మంటెత్తిస్తుంది. వీసా షెంగెన్‌ది, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే, నూట ఎనభై రోజుల్లో తొంభై మించి ఉండకూడదు, కాబట్టి ఒక నెల ఇక్కడ ఇంకో నెల ఇంకో దేశంలో అని ప్లాన్ వేస్తే అన్నీ కలిపి లెక్కపెట్టుకో. నీకు ఎంబ్రాయిడరీ మీదికి మనసు పోయిందన్నావు, అలాగైతే ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బ్లొండుఓస్ అని ఊరుంది, అక్కడ పాతకాలపు ఆడపిల్లల స్కూలు బిల్డింగులో బట్టల పని చేసేవాళ్ళకి వేరే రెసిడెన్సీ ఉంది, మా నేత అమ్మాయి దాని గురించి చాలా మంచిగా చెప్తోంది, అది చూడు.

ప్రపోజల్ రాసేటప్పుడు జ్యూరీకి అర్థమయ్యేలా శుభ్రంగా రాయి, అది గేటు పాస్ లాంటిది, లోపలికి వచ్చాక దాన్ని పట్టుకుని వేలాడకు. నెలాఖరున ఓపెన్ స్టూడియో పెడతాం, ఊరివాళ్ళు కాఫీ తాగుతూ చూసి పోతారు, ఎన్ని చేశావు అని ఒక్కరూ అడగరు (నువ్వు తప్ప). మా ఇంట్లో నాకన్నా ముందు ఉండి వెళ్ళిన ఒకాయన రోజుకి రెండు క్యాన్వాసులు లెక్కన గోడ నింపేశాడంట, బాగానే ఉన్నాయంటారు, కానీ అవి ఆయన ఇంటి దగ్గర గీసేవాటిలాగే ఉన్నాయని నేత అమ్మాయి మెల్లగా అంది. ఆ పిల్ల నోరు మంచిదే కానీ కన్ను మహా పదును.

జూన్‌లో రావాలని అనిపిస్తుంది నీకు, అర్ధరాత్రి సూర్యుడు, పచ్చగడ్డి, ఫోటోలు బావుంటాయి. నన్నడిగితే శీతాకాలమే రా. వేసవిలో రాత్రి లేదు కాబట్టి ఎవరూ సరిగ్గా నిద్రపోరంట, పైగా కార్లేసుకుని తిరుగుతూనే ఉంటారు. ఇప్పుడైతే గాలి మనల్ని లోపల కూర్చోబెడుతుంది, ఓ గంట బయటికి వదులుతుంది, మళ్ళీ కూర్చోబెడుతుంది. ఊలు బనీను లోపల, గాలి దూరని జాకెట్ పైన, మధ్యలో ఇక్కడి గొర్రె ఊలు స్వెట్టర్ ఒకటి, అది నేను తెస్తాలే, నీ సైజు కొలత పంపించు, చేతి పొడుగు కూడా. జీన్స్ మాత్రం తేకు, తడిసిందంటే ఎండదు.

నాన్నకి చెప్పు, మందులు వేసుకుంటున్నానని, బీపీ మామూలుగానే ఉందని. ఆదివారం ఫోన్ చెయ్యి. నాకన్నా నువ్వు ఐదున్నర గంటలు ముందున్నావు కాబట్టి నీ రాత్రి పదకొండు తర్వాత చెయ్యి, అంతకుముందు వద్దు, ఆ టైంలో ఇక్కడ ఇంకా వెలుతురుంటుంది, నేను గుట్ట దగ్గర ఉంటా, ఫోన్ ఎత్తను.

అమ్మ